తాటాకిళ్ళ వీధిలో నిప్పు

చిరంజీవులు ఇద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో పెద్దదానా, నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మీ క్లాసులో ఒక పిల్లాడికి తట్టు పోసిందన్నావు. ఎవరో పంపిన వీడియో చూసి భయపడి వాళ్ళమ్మ చిన్నప్పుడు టీకా వేయించలేదట. "మాకు టీకాలు పడ్డాయిగా తాతయ్యా, వాడు వేయించుకోకపోతే నష్టం వాడికేగా?" అన్నావు. ఆ మాట అప్పటినుంచీ నన్ను వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

నా చిన్నతనంలో మా వీధి నిండా తాటాకిళ్ళే. ఒక ఇంటి చూరు పక్కింటి చూరుకు తగిలేది. ఎండాకాలం వచ్చిందంటే పొయ్యిలో నిప్పు పూర్తిగా ఆరిందో లేదో రెండుసార్లు చూసుకుని గాని ఆడవాళ్ళు గడప దాటేవారు కాదు. అంత జాగ్రత్తలోనూ ఒక మధ్యాహ్నం రవ్వ లేచింది. మేం చెరువుగట్టు మీద నుంచి చూస్తుండగానే ఒకదాని వెంట ఒకటి పదకొండు ఇళ్ళు అంటుకున్నాయి. పన్నెండోది పెంకుటిల్లు. దాని గోడ నల్లబడింది గానీ మంట దాన్ని దాటలేదు. ఆ ఇంటికి అవతల ఒక బాలింతరాలు పొత్తిళ్ళలో బిడ్డతో తాటాకు గుడిసెలో ఉంది. పక్కింటాయన పెంకులు వేయించుకున్నది ఆమె కోసం కాదు. అయినా ఆ బిడ్డను కాచింది ఆ పెంకులే.

తట్టు కూడా అలాంటి నిప్పే. టీకాలు లేనివాళ్ళ మధ్య ఒక్కరికి వస్తే పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటుకుంటుంది. తట్టు ఉన్న మనిషి గదిలోంచి వెళ్ళిపోయాక కూడా ఆ క్రిమి రెండు గంటల దాకా గాలిలో ఉండగలదు. అందుకే నూటికి 95 ఇళ్ళు పెంకుటిళ్ళయితే గాని వీధికి ధీమా ఉండదు. మిగతా అయిదూ ఎవరివనుకున్నావు? ఒకటి మీ చెల్లిది. దానికిప్పుడు ఏడో నెల. తట్టు టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాక వేస్తారు, రెండోది పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య. అందాకా దానిది తాటాకిల్లే. క్యాన్సరుకు మందులు వాడుతున్న పిల్లలుంటారు, వాళ్ళకు ఈ టీకా వేయకూడదు. వాళ్ళ గోడలు పెంకుల బరువు ఆనవన్నమాట. వీళ్ళందరికీ దిక్కు మన పెంకులే.

ఇక్కడితో నా తాటాకిళ్ళ పోలిక పనికిరాదు. ఎందుకంటే ఇల్లు దేన్నీ గుర్తుపెట్టుకోదు, ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది. టీకాలో ఉండేది నీరసించిన తట్టు క్రిమి. ఒంట్లో కాపలా కాసే కణాలు దాని పోలిక చూసుకుని ఏళ్ళ తరబడి మరచిపోవు. అసలు తట్టు వస్తే జరిగేది దీనికి తలకిందులు. అంతకుముందు వేరే జబ్బుల గురించి ఒళ్ళు నేర్చుకున్నదాన్ని కూడా అది కొంతవరకు, కొందరిలో చాలావరకు చెరిపేస్తుంది. పిల్లాడు తట్టునుంచి లేచాక కూడా నెలల తరబడి వేరే జబ్బులు అంటుకోవడం అందుకే. కంటికి కనపడని క్రిమి మనిషి ఒంటి జ్ఞాపకాన్ని తుడిచేయడం, ఈ వయసులో కూడా నాకు అంతుపట్టని విషయం.

ఇక ఆ వీడియో సంగతి. తట్టు టీకా వేస్తే పిల్లలకు మాటలు రావనే ఆ మాట 1998లో లండన్‌లో పుట్టింది. ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడు కేవలం 12 మంది పిల్లలను చూసి ఒక వైద్య పత్రికలో వ్యాసం రాశాడు. అందులో తప్పుడు పని జరిగిందని తేలి 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, వైద్యుల జాబితాలోంచి ఆయన పేరు కొట్టేశారు. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని ఏళ్ళపాటు గమనించి, ఆటిజానికీ, అంటే మాటలోనూ నలుగురితో కలవడంలోనూ తేడా కనిపించే ఎదుగుదల తీరుకీ, ఆ టీకాకూ సంబంధం లేదని 2019లో చెప్పారు. మరి తల్లులకు ఎందుకలా తోస్తుంది? బిడ్డకు మాట రావడంలేదని ఇంట్లో కనిపెట్టే వయసూ, ఆ టీకా వేసే వయసూ దాదాపు ఒకటే. కాకి వాలగానే తాటిపండు రాలితే అది కాకతాళీయం, కాకి రాల్చింది కాదు. టీకా వేశాక కొందరికి చెయ్యి వాస్తుంది, కొందరికి జ్వరం వస్తుంది. ఇది నిజం, దాచకూడదు. మామూలుగా అది ఒకటి రెండు రోజుల బాధ.

కానీ ఆ పిల్లాడి అమ్మను మాత్రం ఏమీ అనకండి. నేను ఎనిమిదో ఏట ఉండగా టీకాలాయన మా ఊరొచ్చాడు. పెద్దమ్మవారు, అంటే మశూచికం, రాకుండా వేసే టీకా అది. చిన్న పళ్ళున్న గుండ్రటి ఇనుప పనిముట్టును చేతిమీద అదిమి తిప్పేవాడు, ప్రాణం పోయినంత పనయ్యేది. మా నాయనమ్మ నన్ను ఖాళీ గాదెలో దాచేసింది. టీకా వేయించుకుంటే అమ్మవారికి కోపం వస్తుందని ఆవిడతో ఎవరో అన్నారు. ఆవిడ ఒక కొడుకును ఆ అమ్మవారికే పోగొట్టుకుంది. ఇంకో బిడ్డను పోగొట్టుకోలేక నన్ను దాచింది. గాదెలో ధాన్యపు దుమ్ముకు నేను తుమ్మితే, టీకాలాయన నవ్వలేదు, కేకలేయలేదు. అరుగు మీద కూర్చుని, ఆ కొడుకు ఎలా ఉండేవాడో చెప్పమని అడిగాడు. నాయనమ్మ చాలాసేపు చెప్పింది. చీకటి పడే వేళకు గాదె మూత తీసింది ఆవిడే. మరుసటి ఏడు మా చెల్లెళ్ళను చెయ్యి పట్టుకుని టీకాకు తీసుకెళ్ళింది కూడా ఆవిడే.

అందుకే ఆ పిల్లాడు కోలుకుని బడికి వచ్చాక పక్కన కూర్చోండి. వాళ్ళమ్మతో మీ అమ్మను మాట్లాడమనండి, ముందు ఆవిడ చెప్పేది వినమనండి. తర్వాత ఇద్దరూ కలిసి నర్సమ్మ దగ్గరకు వెళ్ళమనండి. మిగతా టీకాలేమైనా బాకీ ఉంటే ఇప్పుడైనా వేస్తారు.

సెలవులకు వచ్చినప్పుడు ఒక పని చేయండి. నా చేతిమీదా, అమ్మమ్మ చేతిమీదా రెండేసి గుండ్రటి మచ్చలుంటాయి, వేలితో తడిమి చూడండి. అవి మశూచి టీకావి. తర్వాత మీ అమ్మ చేతిమీద వెతకండి. అవి కనపడవు. మన దేశంలో చివరి మశూచి రోగి కనిపించింది 1975 మే నెలలో, లోకంలోనే ఆ జబ్బు లేదని ప్రకటించింది 1980 మే నెలలో. మీ అమ్మ ఆ తర్వాత పుట్టింది. దాని ఎడమ జబ్బ మీద ఉన్నది క్షయ రాకుండా వేసే బీసీజీ మచ్చ. మీ చెల్లికి కూడా పుట్టగానే అదే వేశారు. దాని మచ్చ ఇప్పుడు ఎంత ఉందో, పెసరగింజంతో కందిగింజంతో, చూసి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య