నేరాలపై ‘కఠినం’: పార్టీల మాటలు, కోర్టులో జరిగేవి

శ్రీకాకుళం జిల్లా కోర్టుల్లో క్రిమినల్ కేసులు వాదిస్తుంటాను. ఎక్కడ ఏ ఘోరం జరిగినా మర్నాటికల్లా “మేమొస్తే ఉరే” అని ఒకరు, “మేమైతే తోలు తీసేవాళ్లం” అని ఇంకొకరు మొదలుపెడతారు. అవి విన్న తల్లిదండ్రులు మా దగ్గరకొచ్చి “21 రోజుల్లో తేలిపోతుంది కదండీ” అని అడుగుతారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అసెంబ్లీలో బిల్లు పాసైతే కఠిన చట్టం వచ్చేసినట్టే.

వాస్తవం: 2019 డిసెంబరులో మన అసెంబ్లీ మహిళలపై నేరాలకు సంబంధించిన దిశ బిల్లును ఆమోదించింది. 7 పనిదినాల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ పూర్తి కావాలని అందులో రాశారు. రాష్ట్రపతి ఆమోదం రాలేదు, అది చట్టం కాలేదు. క్రిమినల్ చట్టాలు ఉమ్మడి జాబితాలోవి, అంటే వాటిపై కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయొచ్చు. కేంద్ర చట్టానికి భిన్నంగా రాష్ట్రం రాసుకుంటే రాష్ట్రపతి ఒప్పుకోవాల్సిందే. పోలీసు శాఖ మాత్రం పూర్తిగా రాష్ట్రం చేతిలో ఉంది. దర్యాప్తు అధికారుల ఖాళీలు నింపడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. పోటీ పడాల్సింది అక్కడ.

అపోహ: శిక్ష పెంచితే నేరస్తులు భయపడతారు.

వాస్తవం: 20 కిలోలకు మించిన గంజాయితో దొరికి నేరం రుజువైతే కనీసం పదేళ్ల జైలు. ఈ చట్టం ఎప్పటినుంచో ఉంది. అయినా ఒడిశా సరిహద్దులో, ఇచ్ఛాపురం దగ్గర గంజాయి పట్టుబడుతూనే ఉంది. దొరికితే తప్పించుకోలేమన్న భయమే మనిషిని ఆపుతుంది. అత్యాచారానికి మరణశిక్ష పెట్టమని, నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ కూడా 2013లో సిఫారసు చేయలేదు.

మా దగ్గర కేసులు ఎక్కువగా వీగిపోయేది సాక్షుల దగ్గర. సోంపేట వైపు నుంచి చెన్నైకి కూలిపనికి వలసపోయిన మనిషిని తీసుకోండి. సమన్లు అందితే కూలి పోగొట్టుకుని, జనరల్ బోగీలో నిలబడి వస్తాడు. సాయంత్రం దాకా కోర్టు వరండాలో కూర్చుంటాడు. దర్యాప్తు అధికారి బందోబస్తుకు వెళ్లాడని వాయిదా పడుతుంది. రెండోసారి రాడు. వారెంటు వెళ్లాక వచ్చేసరికి ఊళ్లో నిందితుడి తరఫువాళ్లు అతనితో మాట్లాడేసి ఉంటారు. బోనెక్కి “నేనేమీ చూడలేదండి” అంటాడు. చట్టంలో ఉరిశిక్ష ఉన్నా సరే, ఆ మాటతో కేసు కూలిపోతుంది. సాక్షుల రక్షణ పథకాన్ని 2018లోనే సుప్రీంకోర్టు ఆమోదించింది. సాక్షి బత్తా గురించి, వాళ్ల భద్రత గురించి ఎన్నికల సభల్లో ఒక్క మాటైనా నేను వినలేదు. నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే.

అపోహ: ఎన్‌కౌంటరే సత్వర న్యాయం.

వాస్తవం: 2019 డిసెంబరు 6న హైదరాబాద్ శివార్లలోని చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోతే చాలామంది సంబరపడ్డారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ తన నివేదికలో తేల్చింది. నేరం ఎవరు చేశారన్నది కోర్టులో రుజువయ్యే అవకాశమే లేకుండా పోయింది.

అపోహ: కేసుల సంఖ్య పెరిగిందంటే నేరాలు పెరిగినట్టే.

వాస్తవం: లెక్కలోకొచ్చేవి నమోదైన కేసులే. ఫిర్యాదుదారుల్ని తిప్పి పంపే స్టేషన్‌లో అంకెలు అందంగానే ఉంటాయి. మీ ఫిర్యాదు తీసుకోకపోతే ఊరుకోకండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అక్కడ కాదంటే అదే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపండి, రసీదు జాగ్రత్త చేసుకోండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లొచ్చు.