బోన్ నుంచి సాంత్నే దాకా, డొంకదారిన

చిరంజీవులకు ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో ఫ్రాన్సులోని బర్గండీకి వెళ్తున్నామని, అక్కడ సైకిళ్లు అద్దెకు తీసుకుని తిరగొచ్చా అని అడిగారు. తప్పకుండా తిరగండి. రోజుకు అరవై కిలోమీటర్లు తొక్కేస్తామని మాత్రం లెక్కలు వేసుకోకండి. బోన్ ఊరి నుంచి సాంత్నే దాకా ద్రాక్షతోటల్లో సాగే దారి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. దానికి ఒక రోజంతా కేటాయించండి. అది చాలావరకు సైకిళ్ల కోసం వేసిన దారి కాదు. రైతులు తోటల్లోకి పోవడానికి వేసుకున్న డొంక. తెల్లటి పలక మీద ఆకుపచ్చ సైకిల్ బొమ్మ పెట్టి మనల్ని కూడా రానిచ్చారు, అంతే. ఇది గుర్తుంటే సగం ఇబ్బందులు రావు.

ముందుగా ఆ తోటల తీరు తెలుసుకోండి. హైదరాబాద్ చుట్టుపక్కల పేరుపడ్డ అనాబ్-ఇ-షాహీ ద్రాక్షను పందిళ్ల మీదికి పాకించేవారు. కింద మనిషి నిలబడి నడవొచ్చు. వైన్ కోసం ద్రాక్ష పెంచే బర్గండీలో పందిరి ఉండదు. తీగను నడుము ఎత్తుకు కాస్త అటూ ఇటూగా కత్తిరించి, కమ్మీలకు కట్టి, పొట్టిగా ఉంచుతారు. వరుసకూ వరుసకూ మధ్య ఒక మీటరు, మొక్కకూ మొక్కకూ మధ్య ఇంచుమించు అంతే. అంటే హెక్టారుకు దాదాపు 10,000 మొక్కలు. ఆ సందులో మామూలు ట్రాక్టరు పట్టదు. అందుకే అక్కడ ‘అంజాంబర్’ అనే పొడుగుకాళ్ల ట్రాక్టరు ఉంటుంది. చక్రాలు వరుసకు అటొకటి ఇటొకటి నేల మీద, నడిపేవాడు తీగల పైన. చూడ్డానికి తమాషాగా ఉంటుంది కానీ మలుపులో ఎదురైతే తమాషా కాదు. అంత ఎత్తున కూర్చున్న మనిషికి పక్కనే ఉన్న చిన్నపిల్లల సైకిల్ కనబడదు, ఇంజను మోతలో మీ గంటా వినబడదు. అది వస్తుంటే సైకిల్ దిగి, గట్టు గడ్డి మీద నిలబడి, పోనివ్వండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కడం ఫ్రాన్సులో ఎలాగూ నేరమే.

సైకిల్‌ను తోట గుంజలకూ కమ్మీలకూ ఆనించకండి. కమ్మీ సడలితే రైతుకు పని పెట్టినట్టే. పళ్లు కోయకండి. ఒక గుత్తే కదా అనిపిస్తుంది గానీ అది దొంగతనం, పైగా వాటి మీద మందు ఉంటుంది. మన నిమ్మ, బత్తాయి తోటల్లో మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టే బోర్డో మిశ్రమం ఉంది చూశారా, అది పుట్టింది ఫ్రాన్సు ద్రాక్షతోటల్లోనే. బోర్డో విశ్వవిద్యాలయంలో పనిచేసిన మియార్దే అనే వృక్షశాస్త్రవేత్త 1885లో దాన్ని లోకానికి తెలియజేశాడు. ద్రాక్షకు పట్టే బూజు తెగులుకు అది మందు. ఇప్పటికీ వాడుతున్నారు. ఎవరైనా మందు కొడుతుంటే గాలి ఎటు వీస్తోందో చూసి, గాలికి ఎగువన ఆగండి. కొన్ని వరుసల చివర గులాబీ మొక్కలు కనిపిస్తాయి. బూడిద తెగులు ముందు గులాబీకి సోకితే రైతు మేలుకుంటాడని పాతకాలపు లెక్క. ఇప్పుడు ఎక్కువగా అందానికే.

ఇక దారి సంగతి. బోన్‌లో బుజేజ్ పార్కు దగ్గర మొదలై పొమార్, వొల్నే, మెర్సో, పులిన్యీ-మొంరాషే, షసాన్య్-మొంరాషే మీదుగా సాంత్నే చేరుతుంది. మొంరాషే అన్న పేరులో రెండుచోట్ల ‘టి’ అక్షరం రాస్తారు, రెంటినీ పలకరు. దారి అడగాల్సి వస్తే పనికొస్తుంది. తొక్కుతున్నంతసేపూ మీకు కుడివైపు గుట్ట, ఎడమవైపు మైదానం. ఈ వాలులోనే ఆ ఊళ్ల కథంతా ఉంది. అడుగున మైదానంలో బంకమట్టి, నీరు నిలుస్తుంది. అక్కడ మామూలు ద్రాక్ష. గుట్ట నెత్తిన నేల పలుచన, చలి ఎక్కువ, అక్కడ అడవి. నడిమి వాలులో సున్నపురాయి, నీరు దిగిపోతుంది, పొద్దున్నే తూర్పు ఎండ పడుతుంది. పేరున్న తోటలన్నీ ఆ నడుమే. మొంరాషే అనే తోట ఎనిమిది హెక్టార్లే, రెండు ఊళ్లు పంచుకున్నాయి. పక్కనే దారికి అవతల ఉన్న చెక్క అంత ధర పలకదు. ఒక్కో చెక్కకు ఒక్కో పేరు. వాటిని ‘క్లిమా’ అంటారు. ఇలాంటివి 1,247 ఉన్నాయని లెక్కగట్టి 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గోడల మీద, రాతి ద్వారాల మీద ఆ పేర్లు చదువుకుంటూ పోవచ్చు. కారులో పోతే ఇదంతా ఒకే పచ్చదనం. సైకిల్ మీద మాత్రం వాలు మారడం ముందు మోకాళ్లకు తెలుస్తుంది. వొల్నే దగ్గర బాగా తెలుస్తుంది, ఎక్కలేకపోతే దిగి నడిపించండి.

దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. మన దగ్గర చాలా సైకిళ్లకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి ఉంటుంది. ఫ్రాన్సులో మామూలుగా ఎడమచేతిది ముందుది. అలవాటుకొద్దీ ఎడమచెయ్యి గట్టిగా నొక్కితే ముందుచక్రం బిగుసుకుని బోర్లా పడతారు. అద్దె దుకాణం ముందే ఒక్కో బ్రేకు నొక్కి సైకిల్‌ను తోసి చూడండి, ఏది దేనిదో తెలుస్తుంది. సీటు ఎత్తు కూడా అక్కడే సరిచూసుకోండి. పెడలు అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి. సీటు అంతకంటే కిందికి ఉంటే సాయంత్రానికి మోకాళ్లు నొప్పెడతాయి. బరువును వీపున మోయకండి, చెమటకు సంచి అంటుకుంటుంది, భుజాలు లాగేస్తాయి. క్యారియర్‌కు పక్కన వేలాడే సంచిలో, బరువైనవి అడుగున పెట్టండి.

పంక్చరు పడుతుంది. ముళ్లుంటాయి, తోటల్లో తెగిన కమ్మీ ముక్కలుంటాయి. టైరు పక్కన రాసి ఉన్న కొలత చూసి అదే కొలత ట్యూబులు రెండు, టైరు లివర్లు రెండు, పంపు ఒకటి పెట్టుకోండి. పంపు వాల్వుకు పట్టేదై ఉండాలి. అక్కడ చాలా సైకిళ్లకు ప్రెస్టా అనే సన్నటి వాల్వు ఉంటుంది. దాని కొసన ఉన్న బుల్లి మరను వదులు చేసి, ఒకసారి నొక్కి వదిలి, అప్పుడు గాలి కొట్టాలి. మర విప్పకుండా ఎంత కొట్టినా గాలి లోపలికి పోదు. ట్యూబు మార్చేముందు టైరు లోపలంతా గుడ్డతో తడిమి, గుచ్చుకున్నదాన్ని తీసేయండి. దీన్ని వదిలేసినవాళ్లకే పది నిమిషాల్లో రెండో పంక్చరు పడుతుంది. ప్యాచ్ వేస్తే సొల్యూషన్ రాశాక అయిదు నిమిషాలు ఆగి, తడి మెరుపు పోయాకే అంటించండి. తడి మీద అంటిస్తే ఊడిపోతుంది. వాన కురిశాక సిమెంటు దారి మీద ట్రాక్టర్లు బంకమట్టి పెళ్లలు రాల్చి పోతాయి. వాటి మీద మలుపు తిప్పకండి, బ్రేకు వేయకండి, నిటారుగా దాటండి.

తోటల్లో చెట్టు నీడ ఉండదు. జులైలో ఎండ 35 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పొద్దున ఎనిమిదింటికల్లా బయల్దేరి, గంటకు అరలీటరు చొప్పున నీళ్లు లెక్కేసుకోండి. సీసా నింపుకోవాలంటే శ్మశానం చూడండి. నవ్వకండి, ఫ్రాన్సులో ఊరి శ్మశానాల్లో పూలకు పోయడానికి కొళాయి ఉంటుంది, సైకిల్ మీద తిరిగేవాళ్లంతా అక్కడే పట్టుకుంటారు. ‘నాన్ పోతాబ్ల్’ అన్న బోర్డు ఉంటే మాత్రం తాగేవి కావని అర్థం. తిండి మధ్యాహ్నం పన్నెండు లోపే కొనిపెట్టుకోండి. పన్నెండు నుంచి రెండింటిదాకా చిన్న ఊళ్లలో దుకాణాలు మూస్తారు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఏమీ దొరకదు, సోమవారం చాలా రొట్టెల కొట్లకు సెలవు. జూన్ చివర్లో చీకటి పడేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది కాబట్టి తొందరేం లేదు.

కుడివైపున తొక్కాలి. రోడ్డు దాటేటప్పుడు మనకు అలవాటైనట్టు కుడికి కాదు, ముందు ఎడమకు చూడండి. గుర్తులేవీ లేని కూడలిలో మీ కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ 2017 నుంచి చట్టం. పెద్ద పిల్లలు కూడా పెట్టుకోండి. మీతో వచ్చే పెద్దవాళ్లకు ఒక మాట: వైన్ రుచి చూసి ఉమ్మేయడం అక్కడ మర్యాదే, దానికి పాత్ర కూడా పెడతారు. రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల మద్యం అన్న హద్దు కారుకే కాదు, సైకిల్‌కూ వర్తిస్తుంది. మీకైతే పద్దెనిమిది నిండేదాకా ఆ ప్రశ్నే లేదు, ద్రాక్షరసం తాగండి.

సాంత్నే నుంచి వచ్చిన దారినే తిరిగి తొక్కక్కర్లేదు. సెంత్ర్ కాలువ గట్టున కొద్ది కిలోమీటర్లు పోతే షాన్యీ స్టేషను. అక్కడి నుంచి ప్రాంతీయ రైల్లో, ‘తే అ ఎర్’ అంటారు, సైకిళ్లతో సహా బోన్ వచ్చేయొచ్చు. సాయంత్రం రద్దీ వేళ సైకిళ్ల చోటు నిండిపోతుంది, ఒక బండి ముందే చేరండి. బోన్‌లో ఓతెల్-ద్యూ చూడండి. 1443లో పేదల కోసం కట్టించిన ఆసుపత్రి, రంగురంగుల పెంకుల కప్పు. దానికి దానంగా వచ్చిన ద్రాక్షతోటలే దాన్ని పోషించాయి. ఆ తోటల వైన్‌ను 1859 నుంచి వేలం వేస్తున్నారు. ఇప్పుడది నవంబరు మూడో ఆదివారం. ఆ రోజుల్లో మాత్రం వెళ్లకండి, ఊళ్లో గది దొరకదు.

ఇంకో రోజు మిగిలితే జీవ్రీ నుంచి క్లూనీకి పోండి. పాత రైలుకట్ట మీద 44 కిలోమీటర్లు తారు దారి. 1997లో తెరిచారు. ఇలాంటి ‘పచ్చదారు’ల్లో ఫ్రాన్సులో ఇదే మొదటిది. కార్లుండవు, రైలు ఎక్కిన కట్ట కాబట్టి ఎత్తులూ ఉండవు. చిన్నవాళ్లకు ఇదే మేలు, సగంలో బూసీ దగ్గరో సాన్-జాంగూ దగ్గరో ఆపేసినా తప్పులేదు. క్లూనీ దాటి మాకాన్ వైపు పోతే బ్వా క్లేర్ సొరంగం వస్తుంది, కిలోమీటరున్నర పైన. లోపల దీపాలుంటాయి. చలికాలంలో గబ్బిలాల కోసం మూసేస్తారు. వేసవిలో బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంటుంది, చెమట మీద వణుకు పుడుతుంది. స్వెట్టరు సంచి అడుగున కాకుండా పైన పెట్టుకోండి.

మీ పెదనాన్న