ఐఫోన్‌ని పడగొట్టింది ‘జ్ఞా’ కాదు

2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వస్తే కన్నెత్తి చూడని విదేశీ టెక్ పత్రికలు, పదేళ్ళ తర్వాత 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం మీద పోటీలు పడి హెడ్‌లైన్లు పెట్టాయి. ఆ అక్షరం ‘జ్ఞా’. అందులో మన వాఙ్మయం గొప్పేమీ లేదు. ఆ అక్షరం తెర మీద కనిపిస్తే ఐఫోన్ మూర్ఛపోతోందట, అదీ వార్త. మనం మాత్రం దాన్ని ‘గ్నా’ అనాలా ‘గ్యా’ అనాలా ‘జ్ఞా’ అనే అనాలా అని తరతరాలుగా తేల్చుకోలేకపోతున్నాం. మనకే నోరు తిరగనిది చూసి ఫోన్‌కు కళ్ళు తిరిగాయంటే పాపం అనుకోవచ్చు. కానీ ఈ కేసులో ముద్దాయిగా నిలబెట్టిన అక్షరం నిర్దోషి. అసలు నిందితుడు ఎవరి కంటికీ కనబడడు.

ముందు జరిగిందేమిటో చూద్దాం. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లు, హై సియెర్రా 10.13.3 ఉన్న మ్యాక్‌లు, వాటితో పాటు ఆపిల్ వాచీలు కూడా ఈ దెబ్బ తిన్నాయి. ఆ అక్షరమున్న మెసేజ్ తెరిస్తే యాప్ మూతపడేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అదే మెసేజ్ ఎదురొచ్చి మళ్ళీ మూసేసేది. వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్ అన్నీ పడ్డాయి. టెలిగ్రామ్, స్కైప్ మాత్రం నిలబడ్డాయి. అదే మెసేజ్ నోటిఫికేషన్‌గా వస్తే ఇంకా ప్రమాదం. నోటిఫికేషన్లు చూపించేది హోమ్ స్క్రీన్‌ని నడిపే స్ప్రింగ్‌బోర్డ్ అనే ప్రోగ్రామ్. పడిపోయేది అదే కాబట్టి, ఒక్కోసారి ఫోనే పైకి లేచేది కాదు. మొబైల్ వరల్డ్ అనే ఇటలీ బ్లాగు ద్వారా ఫిబ్రవరి 15 నాటికి సంగతి లోకమంతా పాకింది. ఇక చిలిపి జనం ఊరుకుంటారా? ట్విట్టర్‌లో తమ పేరు పక్కనే ఆ అక్షరం తగిలించుకుని కనబడిన ట్వీటుకల్లా లైకులు కొట్టుకుంటూ పోయారు. ‘ఫలానావారికి మీ ట్వీట్ నచ్చింది’ అన్న కబురుతో పాటు అవతలివాళ్ళ యాప్ హరీమనేది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి మందు వేసింది.

ఇక్కడే వార్తలు రాసినవాళ్ళు తప్పులో కాలేశారు. నిజంగా ‘జ్ఞా’ వల్లే ఫోన్లు పడిపోయేటట్టయితే, జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం, అజ్ఞానం... ఇలా ఒక్క మాట టైపు చేయగానే తెలుగువాళ్ళ ఐఫోన్లన్నీ ఏనాడో ఇటుకలయ్యేవి. అలా జరగలేదు. యూనికోడ్‌లో అంటే కంప్యూటర్లు వాడే ప్రపంచ అక్షరాల పట్టికలో, ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. తెలుగుకు కేటాయించినవి 3072 నుంచి 3199 వరకు, 128 గదులు. మనం మామూలుగా టైపు చేసే ‘జ్ఞా’లో నాలుగు సంఖ్యలుంటాయి: జ 3100, పొల్లు 3149, ఞ 3102, దీర్ఘం 3134. ఫోన్లు పడగొట్టినదానిలో ఉన్నవి ఐదు. ఞకూ దీర్ఘానికీ మధ్య 8204 అనే ఇంకో సంఖ్య దూరి కూర్చుంది. దానికి ఆకారం లేదు, వెడల్పు లేదు, శబ్దం లేదు. దాని ఇంగ్లీషు పేరుకు అర్థం చెప్పాలంటే ‘వెడల్పులేని విడదీత’.

ఈ విడదీత పుట్టింది మన కోసం కాదు. ఫార్సీ రాతలో అక్షరాలు గొలుసుకట్టుగా కలిసిపోతాయి. ఒకే మాటలో కొన్నిచోట్ల ఖాళీ వదలకుండానే ఆ గొలుసు తెంపాలి. అందుకు ఇది అవసరం. తెలుగులోకి వచ్చాక దీనికి వేరే ఉద్యోగం దొరికింది. ‘రాజ్’, ‘కుమార్’ కలిపి రాస్తే కంప్యూటర్ దాన్ని ‘రాజ్కుమార్’ చేసేస్తుంది, జ కింద క ఒత్తు పెట్టి. పొల్లు తర్వాత ఒక 8204 పెడితేనే అది ‘రాజ్‌కుమార్’గా నిలబడుతుంది. ఈ వ్యాసంలో ‘ఐఫోన్‌’ తర్వాత విభక్తి వచ్చిన ప్రతిచోటా అది ఉంది, మీకు కనబడదంతే. ఇంగ్లీషు మాటలకు తెలుగు విభక్తులు తగిలించే ఎవరికైనా అది లేకుండా పూట గడవదు. వెబ్ పేజీ కోడ్ రాసేవాళ్ళు ‌ అని కొడితే చాలు.

అసలు మనకు ఇలాంటి అదృశ్య అక్షరం అవసరం ఎందుకు పడిందన్నదే ఈ కథకు పునాది. దానికి యూనికోడ్ కంటే వెనక్కి, ఇస్కీ అనే పాత భారతీయ అక్షర సంఖ్యల పట్టిక దగ్గరకు వెళ్ళాలి. 1980లలో భారతీయ భాషలను కంప్యూటర్ ఎక్కించాలనుకున్నవాళ్ళ చేతిలో ఉన్నవి మొత్తం 256 సంఖ్యలు. అందులో సగం ఇంగ్లీషు ఎప్పుడో ఆక్రమించుకుంది. తెలుగులో 36 హల్లులనుకుంటే, రెండేసి హల్లుల జోడీలే 36 సార్లు 36, అంటే 1,296. వాటికి గుణింతాలు, స్త్రీ, రాష్ట్రం లాంటి మూడేసి హల్లుల కూడికలు కలిపితే లెక్క ఎక్కడికో పోతుంది. అందుకని ఒత్తులకు విడిగా చోటివ్వకుండా, ‘హల్లు, పొల్లు, హల్లు’ అని రాస్తే సంయుక్తాక్షరం అనుకోవాలని సూత్రం పెట్టారు. ఇంకో అడుగు వేసి, బ్రాహ్మీ నుంచి పుట్టిన మన దేశపు లిపులన్నిటికీ ఒకే సంఖ్యల పట్టిక ఇచ్చారు. క అంటే ఏ లిపిలోనైనా ఒకటే సంఖ్య, లిపి మీట మారిస్తే హిందీలో కొట్టింది తెలుగు అక్షరాల్లో కనబడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా ఈ ఆలోచనదే. పుణేలోని ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడ్యాక్ వారి జిస్ట్ కార్డు, కంప్యూటర్లో బిగించేది, దీన్ని ఆచరణలో పెట్టింది. 1991లో ఇది ఐఎస్ 13194 పేరుతో భారతీయ ప్రమాణమైంది.

అప్పటికి అది తెలివైన ఏర్పాటే, కాదనలేం. కానీ అది దేవనాగరి కొలతలకు కుట్టిన చొక్కా. దేవనాగరిలో సంయుక్తాక్షరం రాసేటప్పుడు ఎక్కువగా మొదటి హల్లు సగానికి తగ్గుతుంది, రెండోది నిండుగా ఉంటుంది. తెలుగులో తీరు తిరగబడుతుంది. మొదటిది దర్జాగా నిలబడుతుంది, రెండోది ఒత్తుగా మారి కింద చేరుతుంది, గుణింతపు గుర్తు మాత్రం పైనున్న మొదటి హల్లుకే అంటుకుంటుంది. టిబెటన్ లిపి కూడా అచ్చం ఇలాగే కింద వేలాడదీస్తుంది. వాళ్ళకు యూనికోడ్ 1996లో ఆ వేలాడే అక్షరాలకు విడిగా సంఖ్యలు ఇచ్చింది. మనకూ అలా ఒత్తులు విడిగా ఇచ్చి ఉంటే ‘రాజ్‌కుమార్’కు ఏ అదృశ్య సాయమూ అక్కర్లేకపోయేది. అయితే 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ 1988 నాటి ఇస్కీ పట్టికను ఉన్నదున్నట్టు దింపుకుంది. హిందీ క 2325, తెలుగు క 3093, తేడా 768. దాదాపు అన్ని అక్షరాలకూ ఇదే తేడా. అదే ఆ వారసత్వానికి వేలిముద్ర.

ఇస్కీలో పొల్లును పొల్లుగానే ఉంచాలంటే రెండు పొల్లులు వరసగా కొట్టేవాళ్ళు. యూనికోడ్‌లోకి వచ్చేసరికి ఆ రెండో పొల్లు స్థానంలో ఫార్సీ కోసం తెచ్చిన 8204ను కూర్చోబెట్టారు. మన జేబులోకి అది చేరిన దారి ఇదీ.

మధ్యలో మనవాళ్ళు ఇంకో దారి కూడా తొక్కారు. డీటీపీ షాపుల అను ఫాంట్లు, పత్రికల సొంత ఫాంట్లు సంఖ్యలకు బదులు ముక్కలను పట్టుకున్నాయి. తలకట్టు ఒక కీ, ఒత్తు ఒక కీ, కొమ్ము ఒక కీ. అచ్చులో అందంగానే ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే మాత్రం ఎవరో కీబోర్డు మీద కూర్చున్నట్టు ఉండేది. ఈనాడు వెబ్‌సైట్ చదవడానికి పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు వేసుకుని యూనికోడ్‌లోకి మార్చుకున్న తరం ఇంకా ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాక యూనికోడ్ తెలుగు కాస్త కుదురుకుంది. పోతన, వేమన, తర్వాత సిలికానాంధ్ర ఫాంట్లు కూడా వచ్చాయి.

సంఖ్యలు సరే, వాటిని బొమ్మగా మార్చేదెవరు? ఆ పని అక్షర ఇంజనుది. అది ముందు సంఖ్యల వరసను అక్షరాలుగా విడగొడుతుంది. ప్రతి అక్షరంలో ఏది ఒత్తవుతుందో, ఏది పైకి పోతుందో చూసి వరస మారుస్తుంది. ఫాంటులోని పట్టికలు చూసి తగిన ముక్కలు ఎంచుకుంటుంది. చివరికి ఏ ముక్క ఎక్కడ, ఎంత ఎత్తున పెట్టాలో లెక్కేస్తుంది. ఆపిల్ ఇంజను పేరు కోర్‌టెక్స్ట్. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ వాడేది హార్ఫ్‌బజ్. ఆ పేరు ఫార్సీలో ‘తెరిచిన అక్షరం’, ఓపెన్‌టైప్ అనే ఫాంట్ల పద్ధతి పేరుకు చమత్కారపు అనువాదం. ఉర్దూ తెలిసిన హైదరాబాదీలకు హర్ఫ్ అంటే వేరే చెప్పక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ వారమంతా నిమ్మకు నీరెత్తినట్టు ఉండటానికి కారణం ఇంజను వేరు కావడమే. ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా లాభం లేకపోయింది. ఆ ఫోన్‌లో ఏ బ్రౌజరైనా ఆపిల్ ఇంజను మీదే నడవాలన్నది అప్పటి నియమం.

‘జ్ఞా’లో దీర్ఘం సంఖ్యల వరసలో చివర ఉన్నా, తెర మీద మాత్రం ఞను దాటి వెనక్కి వెళ్ళి జకు అంటుకోవాలి. ఆ దారిలో 8204 అడ్డంగా కూర్చుంటే ఏం చేయాలి? మనిషైతే ‘ఇదేంటి ఇక్కడ’ అని పక్కకు నెట్టేస్తాడు, ఎందుకంటే ఆ చోట దానికి పనేం లేదు. కోర్‌టెక్స్ట్ మాత్రం తనది కాని మెమరీలో చెయ్యి పెట్టింది. సీవీఈ-2018-4124 అనే భద్రతా లోపం నోటులో ఆపిల్ ఒప్పుకున్నది కూడా ఇంతే: మెమరీ చెడుతోంది, లోపలికొచ్చే అక్షరాల తనిఖీ మెరుగుపరిచాం. తెలుగు అన్న మాటే అందులో లేదు. పేపర్లు ఊరూవాడా దండోరా వేసిన పేరును, తప్పు చేసినవాళ్ళు మాత్రం ఎత్తలేదు. ఈ ఒక్క విషయంలో ఆపిల్ మర్యాద పాటించిందనాలి, లేదా మొహమాటపడింది.

ఆ వారంలోనే, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరెగావ్‌కర్ కూర్చుని కలయికలన్నీ పరీక్షించి చూశారు. తేలినదేమిటంటే, హల్లు, పొల్లు, రెండో హల్లు, 8204, గుణింతపు గుర్తు అనే ఈ ఐదు మెట్ల వరస ఎక్కడున్నా ముప్పే. రెండో హల్లు మొదటిదాని వెనకో కిందో అతుక్కునే రకమై ఉండాలి. హిందీలో అలాంటిది ర ఒక్కటే, బెంగాలీలో ర, య. తెలుగులో? అన్ని హల్లులూ. ఒత్తులు మనకు ఇంటింటికీ ఉన్నాయి కాబట్టి మన వాటా పెద్దది. ముచ్చటేమిటంటే, ఐత్వం పెడితే ఫోన్ బతికేది. ఐత్వం బొమ్మ రెండు ముక్కలు, ఎత్వం పైన, మిగతాది కింద. అలా రెండుగా చీలే గుర్తులతో ఇంజను పడేది కాదు. అంటే జ్ఞా ఒక్కటే కాదు, మధ్యలో 8204 దూరితే క్కా, ప్తి, ద్యు ఏదైనా చాలు. వందల అక్షరాల నేరాన్ని ఒక్కదాని నెత్తిన రుద్దారు.

అప్పట్లో ఇరుక్కున్నవాళ్ళకు పనికొచ్చిన చిట్కా చూస్తే మర్మం అర్థమవుతుంది. మెసేజుల జాబితాలో ప్రతి సంభాషణ పక్కనా చివరి మెసేజ్ తునక కనబడుతుంది. యాప్ పడేది దాన్ని గీయబోయే. అందుకని అదే స్నేహితుణ్ణి ఇంకో మామూలు మెసేజ్ పంపమని, ఆ తునక మారాక, సంభాషణ లోపలికి వెళ్ళకుండా జాబితాలోంచే తుడిచేయాలి. పంపినవాణ్ణే బతిమాలుకోవాలన్నమాట. స్ప్రింగ్‌బోర్డే పడిపోతే కంప్యూటర్‌కు తగిలించి, రికవరీ మోడ్‌లో కొత్త వెర్షన్ ఎక్కించడం తప్ప దారి లేదు.

ఇది మొదటిదీ కాదు, చివరిదీ కాదు. 2013లో ఒక అరబిక్ వరస ఐఓఎస్ 6ను పడగొట్టింది, అదీ కోర్‌టెక్స్ట్‌లోనే. 2015లో అరబిక్ అక్షరాలున్న ఇంకో మెసేజ్ నోటిఫికేషన్‌లో సగానికి కత్తిరించబడి ఫోన్‌ని రీస్టార్ట్ చేసేది. పూర్తిగా చూపిస్తే ఏమీ కాదు, తోక కత్తిరిస్తేనే కరిచేది. 2020 ఏప్రిల్‌లో ఇటలీ జెండా ఎమోజీ పక్కన సింధీ అక్షరాలు పెడితే ఐఓఎస్ 13.4.1 చతికిలబడింది, మే నెలలో 13.5 వచ్చి లేపింది. అరబిక్, తెలుగు, సింధీ. ఇంగ్లీషు ఈ జాబితాలో లేకపోవడం ఆ భాష పుణ్యఫలం కాదు. ఇంగ్లీషు అక్షరాలు క్యూలో నిలబడ్డ బడిపిల్లల్లా ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. కష్టమైన కోడ్ అంతా మన లిపుల వైపే ఉంటుంది, ఆ వైపు పరీక్షించేవాళ్ళు తక్కువ. హార్ఫ్‌బజ్ మీద రాత్రింబవళ్ళు పిచ్చిపిచ్చి సంఖ్యల వరసలు విసిరి చూసే యంత్రాలు నడుస్తుంటాయి. దీన్నే ఫజ్జింగ్ అంటారు. ఒత్తు తర్వాత 8204 లాంటి వెర్రి వరస మనిషి పరీక్షకుడికి తట్టదు. వెర్రిగా విసరడమే పనిగా పెట్టుకున్న యంత్రానికి తగులుతుంది.

ఇప్పటి ఫోన్లలో ఆ గండం లేదు కానీ దారితప్పిన 8204 వేరే రకంగా ప్రాణం తీస్తుంది. కంటికి ఒకేలా ఉన్న రెండు పేర్లు వెతుకులాటలో కలవవు. జాబితాలో ఒకే మనిషి రెండుసార్లు పడతాడు. ఎస్సెమ్మెస్‌లో తెలుగుకు ఉన్న 70 గదుల్లో ఒకటి ఊరికే తినేస్తుంది. ఎక్సెల్‌లో అనుమానం వస్తే లెన్ ఫంక్షన్‌తో అక్షరాలు లెక్కపెట్టి చూడండి. అక్కర్లేదని తేలితే సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌లో యూనిచార్(8204) ఇచ్చి, దాని బదులు ఖాళీ కోట్స్ పెడితే పోతుంది. కాకపోతే కాలమ్ మొత్తానికి ఒకేసారి కొట్టేయకండి, రాజ్‌కుమార్‌లందరూ రాజ్కుమార్‌లైపోతారు. మామూలు ‘జ్ఞా’కు లెన్ 4 చూపిస్తుంది. 5 చూపిస్తే, 2018 నాటి ఐఫోన్ ఉన్నవాళ్ళకు ఆ ఫైల్ పంపకండి.