మొక్కల సారాలు, ఫ్లూ వైరస్: కొన్ని అపోహలు, వాస్తవాలు

వానలు మొదలై ఇంటింటా జ్వరాలు, దగ్గులు వినిపించగానే ఫోన్లలో ఒక రకం వార్త తిరుగుతుంది: ఫలానా మొక్క ఫ్లూ వైరస్‌ను చంపుతుందని శాస్త్రవేత్తలు తేల్చారట. ఆ వార్త వెనక ప్రయోగం చాలాసార్లు నిజంగానే జరిగి ఉంటుంది. ఔషధ మొక్కల సారాలను ఇన్‌ఫ్లుయెంజా వైరస్ మీద పరీక్షించడం నా వృత్తి. ల్యాబ్ ప్లేటులో కనిపించిన దానికీ, వార్తలో రాసిన దానికీ మధ్య జారిపోయే సంగతులు ఇవి.

అపోహ: సారం వేస్తే వైరస్ తగ్గింది, అంటే మందు దొరికినట్టే.

ఫ్లూ పరీక్షలకు ఎక్కువగా వాడేవి ఎం.డి.సి.కె. కణాలు. 1958లో ఒక కాకర్ స్పేనియల్ కుక్క మూత్రపిండం నుంచి తీసిన కణాల సంతతి అది, ఇప్పటికీ ప్రపంచమంతా పెంచుతున్నారు. ప్లేటు అడుగున ఆ కణాలు పరుచుకున్నాక వైరస్ వేస్తాం, సారం వేస్తాం, రెండు మూడు రోజులు ఆగి చూస్తాం. వైరస్ తనంతట తాను పెరగలేదు, బతికున్న కణం లోపలే పెరగాలి. సారం కణాన్నే దెబ్బతీస్తే వైరస్ ఎలాగూ తగ్గుతుంది. ఆ లెక్కన బ్లీచింగ్ పౌడర్ కూడా ఫ్లూకి మందే!

అందుకే వైరస్ లేని కణాలకూ అదే సారాన్ని అవే మోతాదుల్లో వేసి ఎన్ని బతికాయో చూస్తాం. సగం కణాలు చనిపోయే మోతాదును, వైరస్‌ను సగానికి తగ్గించే మోతాదుతో భాగిస్తే వచ్చే అంకెను సెలెక్టివిటీ ఇండెక్స్ అంటారు. అది రెండో మూడో వస్తే ఆ సారం మీద నేను ఆశ పెట్టుకోను. పది దాటితే మళ్లీ చేసి చూడాల్సిందే. వార్తల్లో ఈ అంకె ఉండదు, "90 శాతం తగ్గింది" అన్న మాట మాత్రమే ఉంటుంది.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. కణాలు బతికున్నాయో లేదో చూడటానికి వాడే ఎం.టి.టి. అనే పసుపుపచ్చ రంగును బతికిన కణాలు ఊదాగా మారుస్తాయి. కానీ చాలా మొక్కల సారాల్లోని యాంటీ ఆక్సిడెంట్లు కణాల సాయం లేకుండానే ఆ రంగును మార్చేస్తాయి. చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. కణాలు లేకుండా సారం ఒక్కటే వేసిన వరుస ప్లేటులో లేకపోతే ఆ ఫలితాన్ని నమ్మకూడదు.

అపోహ: వైరస్‌తో కలిపితే చచ్చిపోయింది కదా, ఒంట్లోనూ అంతే.

కరక్కాయ, దానిమ్మ తొక్క, టీ ఆకు: వీటిలో టానిన్లు ఎక్కువ. కరక్కాయ ముక్క నోట్లో వేసుకుంటే వచ్చే వగరు, టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడం వల్ల వచ్చేదే. వాటికి ఏ ప్రొటీన్ అయినా ఒకటే. గొట్టంలో వైరస్‌నూ సారాన్నీ గంటసేపు కలిపి ఉంచితే వైరస్ పైపొర ప్రొటీన్లకు అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తాయి. మనిషి తాగితే వైరస్ దాకా చేరకముందే తిండిలోని, పేగులోని ప్రొటీన్లు వాటిని పట్టేస్తాయి. కాబట్టి సారాన్ని వైరస్‌తో ముందే కలిపి, కణంలోకి చొరబడే వేళకు వేసి, చొరబడ్డాక కొన్ని గంటలకు వేసి, ఇలా వేర్వేరుగా చూడాలి. చొరబడ్డాక కూడా పనిచేసే సారాలు తక్కువ. నాకు ఆసక్తి కలిగించేవి అవే.

మిగతా పరీక్షలకూ ఇలాంటి చిక్కులున్నాయి. వైరస్ ఎర్ర రక్తకణాలను గుంపుకట్టించే గుణాన్ని చూసే పరీక్షలో, మొక్కల్లోని లెక్టిన్లు అనే ప్రొటీన్లు వైరస్ లేకుండానే వాటిని గుంపుకట్టిస్తాయి. కుంకుడుకాయలో నురగనిచ్చే సాపోనిన్ల లాంటివి ఆ కణాలనే పగలగొట్టేస్తాయి. వైరస్ మీదుండే న్యూరమినిడేజ్ అనే ఎంజైమ్‌ను వెలుగుతో కొలిచే పరీక్షలో, పసుపు లాంటి ముదురు రంగు సారం ఆ వెలుగును మింగేసి, ఎంజైమ్ ఆగిపోయినట్టు చూపిస్తుంది.

అపోహ: ఈ మొక్క ఫ్లూ మందు ఒసెల్టామివిర్ కంటే బాగా పనిచేసింది.

ముందు పోలిక ఎలా చేశారో చూడాలి. మనం మింగే ఒసెల్టామివిర్ ఫాస్ఫేట్ నేరుగా పనిచేసే రూపం కాదు. ఒంట్లో, ముఖ్యంగా కాలేయంలోని ఎంజైమ్‌లు దాన్ని కార్బాక్సిలేట్‌గా మార్చాకే పనిచేస్తుంది. క్యాప్సూల్ పొడిని నేరుగా కణాల మీద వేస్తే మందు నీరసంగా కనిపిస్తుంది, పక్కనున్న మొక్క గెలిచినట్టు అనిపిస్తుంది.

అపోహ: ఒసెల్టామివిర్‌ను అనాసపువ్వు నుంచే చేస్తారు, అనాసపువ్వు కషాయం తాగితే చాలు.

అనాసపువ్వులోని షికిమిక్ ఆమ్లం ఆ మందుకు ముడిసరుకు అన్నది నిజం. 2005లో బర్డ్ ఫ్లూ భయంతో చైనా అనాసపువ్వుకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఆ ఆమ్లాన్ని బ్యాక్టీరియాతోనూ తయారుచేస్తున్నారు. కానీ దాన్ని ఎన్నో రసాయన దశలు దాటిస్తేనే మందు అవుతుంది. ఆమ్లానికి వైరస్‌ను ఆపే గుణం లేదు. పువ్వు బిర్యానీకి మంచిది. దానికి దగ్గరి చుట్టమైన జపాన్ రకం మాత్రం విషం. అది కల్తీగా కలవడం వల్ల మూర్ఛల్లాంటివి వచ్చాయని 2003లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. అనాసపువ్వు టీల మీద హెచ్చరిక ఇచ్చింది.

అపోహ: ప్లేటులో పనిచేసిన మోతాదు ఒక గ్లాసు కషాయంతో వస్తుంది.

సారం మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల దగ్గర పనిచేసిందనుకుందాం. పెద్దవాళ్లలో రక్తం సుమారు 5 లీటర్లు. రక్తంలోనే ఆ మోతాదు ఉండాలంటే 500 మిల్లీగ్రాముల సారం ఏమాత్రం వృథా కాకుండా, కాలేయం విరగ్గొట్టకుండా, ఒకేసారి రక్తంలో ఉండాలి. ఒంట్లోని నీరంతా, అంటే సుమారు 40 లీటర్లు లెక్కేస్తే 4 గ్రాములు. ఎండిన సారం సంగతి ఇది, ఆకుల బరువు కాదు. పసుపులోని కర్కుమిన్‌ను గ్రాముల కొద్దీ మింగించినా రక్తంలోకి చేరేది అత్యల్పం. ఫ్లూ పెరిగేది శ్వాసనాళాల లోపలి పొరలో, అక్కడికి ఎంత చేరుతుందన్నది ఇంకో ప్రశ్న.

యూరప్, అమెరికాల్లో ఫ్లూకి పేరుపడ్డ ఎల్డర్‌బెర్రీ సంగతి చూడండి. కణాల మీద మంచి ఫలితాలు, మనుషుల మీద చేసిన చిన్న ట్రయల్స్‌లోనూ ఆశ కనిపించింది. 2020లో వెలువడిన అమెరికా ట్రయల్‌లో, ఫ్లూ నిర్ధారణైన రోగుల్లో కొంతమందికి ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చితే ఏ మేలూ కనిపించలేదు.

అపోహ: అయితే మొక్కల మీద పరిశోధన దండగ.

ఈ మాట తోటి సైంటిస్టుల నోట విన్నప్పుడే నాకు ఎక్కువ బాధ. మలేరియాకు ఆర్టెమిసినిన్ మొక్క నుంచే వచ్చింది. చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం మామూలుగా వేడిచేసి తీసిన సారాల్లో గుణం నిలకడగా లేదు. తక్కువ వేడిలో ఈథర్‌తో తీశాకే నిలబడింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. అందుకే మేం ఒకే ఆకు సారాన్ని నీటితో, మిథనాల్‌తో, హెక్సేన్‌తో వేర్వేరుగా తీస్తాం. ఏ ఊళ్లో, ఏ నెలలో కోశారో రాసుకుని, ఎండబెట్టిన నమూనాను హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల భాండాగారంలో దాస్తాం. ఒకే పేరుతో రెండు ఊళ్లలో రెండు మొక్కలున్న మన దగ్గర ఇది లేకపోతే ఫలితానికి విలువే లేదు.

అపోహ: పనిచేయకపోయినా హాని లేదుగా.

కోవిడ్ రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగను నెలల తరబడి తాగినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశ వైద్యులే ప్రచురించారు. ఇంకో హాని ఆలస్యం. ఒసెల్టామివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ మేలు. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు, 65 దాటినవాళ్లు, పసిపిల్లల విషయంలో ఆ రెండు రోజులూ కషాయంతో గడిపేయకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఏ ఆకు, ఎన్నాళ్లుగా తాగుతున్నారో కూడా చెప్పండి.