కీటక కణాల పోషణ: అపోహలు - వాస్తవాలు

మొక్కజొన్న రైతును ఏడిపించే కత్తెర పురుగు ప్యూపా అండాశయం నుంచి వచ్చినవే ల్యాబులో పెంచే ఎస్ఎఫ్9 కణాలు. కోవిడ్ టీకా కోవోవ్యాక్స్‌లోని స్పైక్ ప్రొటీన్ తయారయ్యేది వీటిలోనే. ఇంత పనిచేసే కణాలకు ఏం పెట్టాలన్న విషయంలో మాత్రం ల్యాబుల్లో ఇంకా అపోహలున్నాయి.

అపోహ: మనిషి కణాల మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) వీటికీ సరిపోతుంది.

వాస్తవం: ఎస్ఎఫ్9కు సరిపోదు. సీతాకోకచిలుకల జాతి పురుగుల రక్తంలో అమైనో ఆమ్లాలు దండిగా ఉంటాయి, సోడియం కంటే పొటాషియం ఎక్కువ. 1962 నాటి గ్రేస్ మీడియం ఆ తీరునే అనుసరిస్తుంది. పీహెచ్ 6.2 దగ్గర, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేదు. అలాగని కీటక కణాలన్నీ ఒకటే అనుకోవద్దు. డెంగీ వైరస్‌ను పెంచే దోమ కణాలు సీ6/36, మనిషి కణాలకు వాడే ఎంఈఎం అనే మీడియంలోనే హాయిగా పెరుగుతాయి.

అపోహ: సీరం (మీడియంలో కలిపే, పశువుల రక్తం నుంచి తీసిన ద్రవం) లేకపోతే బతకవు.

వాస్తవం: బతుకుతాయి, కానీ సీరం ఇచ్చేవన్నీ మనం విడిగా ఇవ్వాలి. అన్నిటికంటే ముఖ్యం కొలెస్ట్రాల్. కీటకాలు స్టెరాల్‌ను సొంతంగా తయారుచేసుకోలేవు. ఆకు తినే పురుగు ఆకులోని స్టెరాల్‌ను కొలెస్ట్రాల్‌గా మార్చుకుంటుంది. ఫ్లాస్కులో ఆకు ఉండదు కదా! నీళ్లలో కరగని ఆ కొవ్వును ఎమల్షన్ చేసి కలపాలి. కలియతిప్పేటప్పుడు కణాలు చితికిపోకుండా ప్లూరోనిక్ ఎఫ్68 అనే రసాయనం వేయాలి. పెప్టైడ్లు, బి విటమిన్లు ఈస్ట్ సారం నుంచి వస్తాయి. అసలు చిక్కు ఇక్కడే: ఈస్ట్ సారం బ్యాచ్ మారితే కణాల పెరుగుదల కూడా మారిపోవచ్చు. అప్పుడు తప్పు కణాలదని అనుకుంటారు. కొత్త బ్యాచ్‌ను పాతదాని పక్కన పెట్టి, రెండింటిలో కణాలు పెంచి చూడనిదే వాడొద్దని నా గట్టి మాట. సీరం కూడా ఒక్కసారిగా ఆపకండి, కొన్ని పాసేజీల (కణాలను కొత్త మీడియంలోకి మార్చే విడతల) మీదుగా తగ్గించండి.

అపోహ: కణాలు వదిలే వ్యర్థాలు లాక్టేట్, అమ్మోనియా పేరుకోవడం తప్పదు.

వాస్తవం: గ్లూకోజ్, ఆక్సిజన్ చాలినంత ఉంటే ఎస్ఎఫ్9 లాక్టేట్‌ను పెద్దగా వదలదు. మిగులు నత్రజనిని ఎక్కువగా అలనిన్ అనే అమైనో ఆమ్లం రూపంలో బయటికి పంపుతుంది. హై ఫైవ్ అనే మరో రకం కీటక కణాలు వేరు, అవి అమ్మోనియా వదులుతాయి.

ఆక్సిజన్‌నూ ఆహారంగానే లెక్కేయండి. ప్రొటీన్ తయారుచేయించడానికి కణాలకు బాక్యులోవైరస్ (కీటకాలకు సోకే వైరస్) ఎక్కించాక ఆక్సిజన్ అవసరం ఇంకా పెరుగుతుంది. షేకర్ (ఊపే యంత్రం) మీది ఫ్లాస్కును గాలికి చోటు లేకుండా మీడియంతో నింపేస్తే ఎంత ఖరీదైన మీడియమైనా ఆ లోటు తీర్చలేదు.