కావెండిష్ నోటి దురుసు గురించి పెద్దనాన్న ఉత్తరం

అమ్మలూ, చిన్నోడా,

మీ ఇద్దరి పంచాయితీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సైకిల్ రేసర్ మార్క్ కావెండిష్ వీడియోలు చూసి చిన్నోడేమో వీడు కింగ్ అంటాడంట, అమ్మలేమో అంత పొగరున్నోణ్ణి ఎలా మెచ్చుకుంటారు అంటుందంట, చివరికి పెద్దనాన్నని అడుగుదాం అని తేల్చారంట. నేను డ్రిల్ మాస్టారుగా చేసినవాణ్ణి కదా, నోరెక్కువున్న ఆటగాళ్ళతోనే నా సర్వీసంతా గడిచింది, పైగా జూలై వస్తే టూర్ డి ఫ్రాన్స్ అనే మూడు వారాల సైకిల్ రేసు చూడకుండా ఉండలేని పిచ్చి ఒకటుంది, అందుకని ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చకుండా ఉత్తరమే రాస్తున్నా. పొడుగవుద్ది, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పాలి. ఇంగ్లండుకీ ఐర్లండుకీ మధ్య సముద్రంలో ఐల్ ఆఫ్ మ్యాన్ అని చిన్న దీవి ఉంది, 1985లో అక్కడ పుట్టాడు. స్కూలయ్యాక బ్యాంకులో ఉద్యోగం చేసి రేసులకి డబ్బు కూడబెట్టుకున్నాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు ల్యాబ్‌లో కదలని సైకిల్ మీద కూర్చోబెట్టి బలం కొలిస్తే నంబర్లు చాలా మామూలుగా వచ్చేవి, ఇలాంటోడు ప్రొఫెషనల్ ఎలా అవుతాడని కోచ్‌లలో కొందరికి డౌటు. కానీ అదే మనిషిని రోడ్డు మీద వదిలితే, చివరి రెండొందల మీటర్లలో తల హ్యాండిల్ దాకా దించేసి గాలికి దొరక్కుండా దూసుకుపోయేవాడు. నాకైతే ఆ నోరు అక్కడే పుట్టిందనిపిస్తుంది. కాగితం మీద నువ్వు పనికిరావు అని చెప్పించుకున్నోడు నేను పనికొస్తాను అని గట్టిగా అరవడం మొదలెడతాడు, నా గ్రౌండ్లో కూడా అలాంటి పిల్లల్ని చూశాను, ఒకడైతే ఓడిపోయి కూడా అరిచేవాడు, సరే ఆ కథ ఇప్పుడొద్దులే.

స్ప్రింటర్ అంటే ఏంటో కూడా కొంచెం తెలియాలి, లేకపోతే వాడి మాటల్లో ఎంత నిజం ఉందో ఎంత గొప్పలు పోయాడో మీకు తెలీదు. నాలుగైదు గంటలు అందరూ గుంపుగా తొక్కుతారు, చివరి మూడు కిలోమీటర్లలో స్ప్రింటర్ టీమ్ వాళ్ళు ఒకడి వెనకాల ఒకడు వరసకట్టి వాణ్ణి వెనక దాచుకుని లాక్కొస్తారు. లారీ వెనకాల సైకిల్ తొక్కితే గాలి తగలదు చూడండి, అలాగన్నమాట (మీరు మాత్రం హైవే మీద ఆ పని చేశారో, తెలిస్తే నేనే వచ్చి సైకిల్ తీసేసుకుంటా). ముందున్నవాడు ఊపిరి ఆగేదాకా తొక్కి పక్కకి తప్పుకుంటాడు, తర్వాతవాడు అందుకుంటాడు, ఆఖరివాడు కావెండిష్‌ని రెండొందల మీటర్ల దగ్గర వదుల్తాడు, అప్పటికి స్పీడు గంటకి అరవై డెబ్బై కిలోమీటర్లు, పక్కోడి మోచెయ్యి నీ మోచేతికి తగుల్తుంటది, ఒంటి మీద ఉండేది పల్చటి లైక్రా. ఆ చోట అనుమానం ఉన్నవాడు బ్రేక్ పట్టుకుంటాడు, పట్టుకుంటే అయిపోయింది. అందుకే స్ప్రింటర్లలో మెత్తటి మనుషులు తక్కువ.

ఇక నేనే అందరికంటే ఫాస్ట్ అని మైకుల ముందు చెప్పేవాడు కదా, దాని మీదే కదా అమ్మలు కోపం. లెక్క చూడమ్మా. టూర్‌లో 2008లో 4 స్టేజీలు (స్టేజ్ అంటే ఒక రోజు రేసు) గెలిచాడు, 2009లో 6, 2010లో 5, 2011లో 5. నాలుగేళ్ళలో 20. అదే 2011లో కోపెన్‌హాగన్‌లో వరల్డ్ ఛాంపియన్ కూడా అయ్యాడు. ఇన్ని గెలిచినవాడు నేనే ఫాస్ట్ అంటే అది ఉన్నమాటే, వినడానికి మనకి ఇబ్బందిగా ఉంటది అంతే. మన ఇళ్ళల్లో ఫస్ట్ ర్యాంకు వచ్చినోడు కూడా ఏదో దేవుడి దయ అండీ అనాలి, అనకపోతే పొగరు అంటారు. దాంట్లో నేను చిన్నోడి పక్షమే. తన గురించి తాను గొప్పగా చెప్పుకోవడం వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు.

దెబ్బ తగిలినవి వేరే ఉన్నాయి, చిన్నోడా, అవి నువ్వు చూసిన వీడియోల్లో ఉండవు. వాడి టీమ్‌లోనే ఆండ్రే గ్రైపెల్ అని జర్మనీ స్ప్రింటర్ ఉండేవాడు, నెమ్మదస్తుడు, తన పనేదో తను చేసుకుపోయే రకం. ఇద్దరు స్ప్రింటర్లకి ఒకే టీమ్ అంటే ఒకే ఒరలో రెండు కత్తులే, పెద్ద రేసులకి కావెండిష్ వెళ్ళేవాడు, గ్రైపెల్‌కి మిగతావి. 2010లో గ్రైపెల్ బాహాటంగా కొంచెం అసంతృప్తి చూపిస్తే, నేను ఫామ్‌లో లేకపోయినా వాడికంటే నేనే మేలు, వాడు గెలిచేవన్నీ చిన్న రేసులు అనే ధోరణిలో కావెండిష్ ప్రెస్‌కి మాట్లాడాడు. ఆలోచించండి, ఒకే జెర్సీ వేసుకున్న మనిషి గురించి! అక్కర్లేని మాట, గెలవడానికి ఏ రకంగానూ పనికిరాని మాట. మరుసటేడు గ్రైపెల్ వేరే టీమ్‌కి పోయాడు, 2011 టూర్‌లో కార్మో అనే ఊళ్ళో తన మొదటి స్టేజ్ గెలిచాడు, ఆ రోజు రెండోవాడు ఎవరనుకున్నారు, కావెండిషే. గ్రైపెల్ చివరికి టూర్‌లో 11 స్టేజీలు గెలిచి రిటైరయ్యాడు. చిన్న రేసుల మనిషంట.

అదే 2010 వాడికి చెడ్డ ఏడు. పంటి ఇన్ఫెక్షన్‌తో చలికాలమంతా పాడైపోయింది, సీజన్ మొదట్లో గెలుపుల్లేవు, పేపర్లవాళ్ళు పనైపోయింది అని రాశారు. స్విట్జర్లాండ్‌లో టూర్ ఆఫ్ రొమాండీ అనే వేరే రేసులో ఒక స్టేజ్ గెలిచి, లైన్ దాటుతూనే కెమెరాల వైపు రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు, బ్రిటిష్‌వాళ్ళలో అది పచ్చి బూతు. వాళ్ళ టీమే వాణ్ణి ఆ రేసులోంచి తీసేసి ఇంటికి పంపింది. గెలిచినవాణ్ణి సొంత టీమ్ వెనక్కి పిలవడం! నాకు ఆ టీమ్ మీద గౌరవం పెరిగింది ఆ రోజు. ఆ తర్వాత టూర్ డి స్విస్ అనే ఇంకో రేసులో ఒక ఫినిష్‌లో సూటిగా పోకుండా పక్కకి వచ్చి హౌస్లర్ అనే రైడర్‌ని ఢీకొట్టాడు, వెనకాల ఇంకొంతమంది పడ్డారు, జ్యూరీ వీడికే శిక్ష వేసింది, మర్నాడు స్టార్ట్ దగ్గర మిగతా రైడర్లు కొందరు కొద్దిసేపు కదలకుండా నిలబడి నిరసన చెప్పారు. తోటి రైడర్లే నీతో తొక్కం అన్నారంటే మామూలు విషయం కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది అంటారే, ఆ ఏడు వాడికి ఊరే లేదు.

ఆ తర్వాత టూర్ డి ఫ్రాన్స్‌కొచ్చి, అక్కడా మొదటి స్ప్రింట్లు పోయి, మోంటార్గీ ఊళ్ళో స్టేజ్ గెలిచి పోడియం మీద చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పొగరుబోతు అనిపించుకున్నోళ్ళు చాలామంది ఏడవరు. వీడు మాత్రం కోపం వచ్చినా ఏడుపొచ్చినా దాచుకోవడం చేతకాని మనిషి, కడుపులో ఉన్నది కక్కేస్తాడు.

ఇప్పుడు అమ్మలు వినాలి. గెలిచిన ప్రతిసారీ మైకు పెట్టగానే వాడు మొదట చెప్పేది టీమ్ వాళ్ళ పేర్లు. రెన్‌షా ఇలా లాగాడు, ఐజెల్ కొండ మీద నాతో ఉన్నాడు, టోనీ మార్టిన్ ఇలా చేశాడు అని వరసపెట్టి చెప్పేవాడు. ఇది ఊరికే మర్యాద కాదు. స్ప్రింటర్లకి కొండలు ఎక్కడం రాదు, బరువెక్కువ, కండరాలు వేరే రకం. పర్వతాల రోజున గెలిచినవాడి టైమ్‌ని బట్టి ఒక గడువు పెడతారు, దాని లోపల రాకపోతే మర్నాడు రేసులో ఉండవు. ఆ గడువులోపు తీసుకురావడానికి ఒకరిద్దరు టీమ్‌మేట్స్ తమ రేసు వదిలేసి పక్కనే తొక్కుతారు, నీళ్ళిస్తారు, లెక్కలేస్తారు, తిడతారు. వాళ్ళ పేర్లు రిజల్ట్ షీట్లో ఎక్కడో నూట అరవయ్యో స్థానంలో ఉంటాయి. ఆ పేర్లు జనానికి తెలిశాయంటే ఈ నోటి దురుసు మనిషి చెప్పబట్టే. మర్యాదగా మాట్లాడే ఛాంపియన్లు ఎంతోమంది టీమ్‌కి థ్యాంక్స్ అని ఒక్క ముక్కతో సరిపెట్టేశారు.

తర్వాత కష్టకాలం వచ్చింది. 2014లో టూర్ ఇంగ్లండ్‌లో మొదలైంది, మొదటి రోజు ఫినిష్ హారోగేట్‌లో, అది వాళ్ళమ్మ ఊరు. అందరి ముందు గెలవాలని లేని సందులో దూరి పడిపోయాడు, భుజం పోయింది, సైమన్ గెరాన్స్ అనే రైడర్‌ని కూడా పడేశాడు. ఈసారి మాత్రం తప్పు నాదే అని ఒప్పేసుకుని గెరాన్స్‌కి ఫోన్ చేసి సారీ చెప్పాడు. 2017లో మళ్ళీ పడి భుజం ఎముక విరిగింది, ఎప్‌స్టైన్ బార్ అనే వైరస్ పట్టి మనిషిని పీల్చేసింది, 2018 టూర్‌లో లా రోజియేర్ కొండ మీద అందరూ వెళ్ళిపోయాక గంటకి పైగా ఆలస్యంగా, గడువు దాటిపోయిందని తెలిసి కూడా, కారెక్కకుండా తొక్కుతూ వచ్చాడు. ఆ ఆగస్టులో డిప్రెషన్ అని డాక్టర్లు చెప్పారు. 2020 అక్టోబర్‌లో ఒక రేసయ్యాక ఇదే నా ఆఖరిదేమో అని కెమెరా ముందు ఏడ్చాడు. పాత బాస్ తక్కువ జీతానికి, అదీ స్పాన్సర్‌ని నువ్వే తెచ్చుకో అని చెప్పి టీమ్‌లో చోటిచ్చాడు. 2021 టూర్‌కి అసలు వాడి పేరే లేదు, టీమ్‌లో ఇంకో స్ప్రింటర్ సామ్ బెనెట్ మోకాలు బాగోక చివరి నిమిషంలో వీణ్ణి పంపారు. ఫుజేర్‌లో గెలిచాడు, షాటోరూలో గెలిచాడు, వాలాన్స్‌లో, కార్కసోన్‌లో. టూర్‌లో గెలిచిన స్టేజీలు మొత్తం 34. పాతకాలం ఛాంపియన్ ఎడీ మెర్క్స్ రికార్డుకి సమానం.

సినిమాలైతే ఇక్కడ శుభం కార్డు వేసేస్తాయి, కష్టాలు పడి మంచోడైపోయాడు అని. అలా జరగలేదు. అదే టూర్‌లో, కార్కసోన్ అయిన వారానికి, ఒక స్టేజ్ స్టార్ట్ దగ్గర సైకిల్ సరిగ్గా లేదని మెకానిక్ మీద కెమెరాల ముందే విరుచుకుపడ్డాడు. మెకానిక్ అంటే ఎవరనుకున్నారు? రైడర్లు మసాజ్ చేయించుకుని పడుకున్నాక కూడా టీమ్ బస్సు పక్కన నిలబడి సైకిళ్ళు కడిగి, గేర్లు సరిచేసి, టైర్లు చూసే మనిషి, మూడు వారాలు రోజూ అదే పని. జర్నలిస్టుతో గొడవపడితే జర్నలిస్టు రాసుకుంటాడు, గ్రైపెల్‌ని అంటే గ్రైపెల్ సైకిల్‌తో జవాబు చెప్పాడు, మెకానిక్ ఏం చేస్తాడు, తలొంచుకుని స్పానర్ తిప్పుతాడు. అదే రోజు కావెండిష్ అందరికీ తెలిసేలా క్షమాపణ చెప్పాడు, ఎవరూ అలా మాటలు పడకూడదు అని తనే అన్నాడు, బానే ఉంది, కానీ పదేళ్ళ నుంచీ ఇదే వరస, ముందు అనెయ్యడం తర్వాత సారీ. నాకు వాడి మీద నిజంగా కోపం వచ్చింది అక్కడే. రెండు వేళ్ళు చూపించడం దీని ముందు ఎంత. పైవాళ్ళ మీద, విమర్శించేవాళ్ళ మీద నోరు పారేసుకుంటే దానికి కొంచెం ధైర్యమైనా కావాలి, తిరిగి అనలేని మనిషి మీద అరవడానికి ఏం కావాలి? డిప్రెషన్ వచ్చిందనో 34 గెలిచాడనో నేను ఇది మాఫీ చెయ్యను. అలాగే ఇదొక్కటి చూసి, వాడు కొండల మీద చేసింది తుడిచెయ్యమన్నా నేనొప్పుకోను.

2023లో రికార్డు దాటుదామని వచ్చి కాలర్‌బోన్ విరగ్గొట్టుకున్నాడు, రిటైరవుతా అన్నవాడు ఇంకో ఏడాది ఆగాడు. 2024 టూర్ మొదటి రోజు మీరు చూడాల్సిందే. ఇటలీ ఎండలో ఫ్లోరెన్స్ నుంచి రిమినికి, మొదటి పెద్ద ఎక్కుడులోనే గుంపులోంచి జారిపోయి, సైకిల్ మీదే వాంతులు చేసుకుంటూ, చుట్టూ వాడి అస్తానా టీమ్ కుర్రాళ్ళు మంచినీళ్ళు పోస్తూ, చివరికి గడువు లోపల బతికి బయటపడ్డాడు. నాలుగు రోజుల తర్వాత, జూలై 3న, సాంవుల్బాలో గెలిచాడు. 35వది, 39 ఏళ్ళ వయసులో. లైన్ దాటాక వాడి చుట్టూ గుమిగూడినవాళ్ళని చూస్తే సొంత టీమ్ వాళ్ళే కాదు, వేరే టీమ్‌ల వాళ్ళు కూడా వచ్చి కౌగిలించుకుంటున్నారు. 2010లో స్టార్ట్ లైన్ దగ్గర నిరసన తెలిపింది కూడా ఈ గుంపే కదా, మనుషులు మారి ఉండొచ్చు అనుకోండి.

చిన్నోడు మెర్క్స్ కంటే గొప్పోడు కదా అని కూడా అన్నాడంట. కాదురా. మెర్క్స్ ఆ 34 కొండల మీద, టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరే ఒంటరిగా గడియారంతో పోటీపడే రేసు), స్ప్రింట్‌లో, అన్ని రకాలుగా గెలిచాడు, టూర్ మొత్తాన్నే 5 సార్లు గెలిచాడు. కావెండిష్‌ది ఒకే విద్య, ఆ ఒక్క విద్యలో వాడి పైన ఎవడూ లేడు. ఆ పోలిక తెచ్చిన ప్రతిసారీ వద్దని తోసిపుచ్చింది కూడా కావెండిషే, ఇది మాత్రం అమ్మలు రాసిపెట్టుకోవాలి.

ఇంకొకటుంది, దాంట్లో నేను తీర్పు చెప్పలేకపోతున్నా. 2013 టూర్‌లో సాంమాలో అనే ఊళ్ళో ఫినిష్, కావెండిష్ భుజం తగిలి టామ్ వేలెర్స్ అనే అతను పడిపోయాడు. జ్యూరీ చూసి తప్పు లేదంది. తప్పు నీదేనా అని అడిగిన జర్నలిస్టు చేతిలోంచి వీడు రికార్డర్ లాగేసుకున్నాడు, తర్వాత ఇచ్చేశాడులే. మర్నాడు టైమ్ ట్రయల్‌లో రోడ్డు పక్కనున్నోడెవడో వాడి మీద మూత్రం పోశాడు. రికార్డర్ లాక్కోవడం తప్పే, మూత్రం పోయడం నీచం, ఆ రెండూ తేలికే. ఆ భుజం సంగతే నాకు తేలట్లేదు, ఒకసారి చూస్తే రోడ్డు వంపు తిరిగినట్టుంటది, ఇంకోసారి చూస్తే వీడే ఒరిగినట్టుంటది. పైనుంచి తీసిన వీడియో ఉంది, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, కొట్టుకోకుండా, ఆపి ఆపి చూసి ఆదివారం ఫోన్ చేసి చెప్పండి. మీ అమ్మని కూడా కూర్చోబెట్టండి, దాని కళ్ళు నాకంటే నయం.

మీ
పెద్దనాన్న