ఆ వాక్యం ఎవరి కోసం రాశారు?

2025 జనవరి చివరి వారం గుర్తుందా? అమెరికాలో కూతురో కోడలో నెలలు నిండి ఉన్న ఇళ్లలో ఒకటే టెన్షన్. తల్లి హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే, అక్కడ పుట్టే బిడ్డను ఇకపై పౌరుడిగా గుర్తించబోమని అధ్యక్షుడు ట్రంప్ జనవరి 20న ఉత్తర్వు ఇచ్చారు. అమలుకు ముప్పై రోజుల గడువు. ఆలోపే ఆపరేషన్ చేసి కాన్పు చేయమని కొందరు డాక్టర్లను అడుగుతున్నారని వార్తలొచ్చాయి. ఆ ఉత్తర్వును కోర్టులు ఆపాయి. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టులు పట్టుకున్న ఆధారం అమెరికా రాజ్యాంగ 14వ సవరణలోని మొదటి వాక్యం. ఈ దేశంలో పుట్టి, ఈ దేశ చట్టాల పరిధిలో ఉన్నవాళ్లంతా ఈ దేశ పౌరులే అని దాని సారాంశం.

ఆ వాక్యం మొదట రాసింది బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతీయుల కోసం. ఈ సంగతి మన ఇళ్లలో పెద్దగా మాట్లాడుకోం. మాట్లాడుకోవాలని నా కోరిక.

డ్రెడ్ స్కాట్ అనే బానిసను యజమాని బానిసత్వం లేని ప్రాంతాలకు తీసుకెళ్లి, ఏళ్ల తరబడి అక్కడ ఉంచాడు. ఆ లెక్కన తాను స్వేచ్ఛ పొందినట్టేనని స్కాట్ 1846లో సెయింట్ లూయిస్ కోర్టుకెక్కాడు. పదకొండేళ్లు తిరిగాక, 1857లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదీ: ఆఫ్రికా బానిసల సంతతి ఈ దేశంలో పౌరులు కాలేరు, కాబట్టి ఫెడరల్ (కేంద్ర) కోర్టులో దావా వేసే హక్కే నీకు లేదు. ఓడిపోవడం వేరు, నువ్వసలు మా లెక్కలో మనిషివే కాదనిపించుకోవడం వేరు.

బానిసత్వం విషయమై ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య సాగిన అంతర్యుద్ధం ముగిశాక, 1865లో 13వ సవరణతో బానిసత్వం రద్దయింది. దక్షిణాది రాష్ట్రాలు ఊరుకోలేదు. మిసిసిపీలో అదే ఏడాది ఓ చట్టం తెచ్చారు: నల్లవాళ్లు ఏటా జనవరిలో తమకు పని ఉందని రాతపూర్వకంగా చూపించాలి. కాగితం లేకపోతే పనీపాటా లేని దేశదిమ్మరి కింద జమకట్టి జరిమానా వేస్తారు. కట్టలేనివాణ్ణి, అతని తరఫున జరిమానా కట్టినవాడి దగ్గరికి కూలికి తోలతారు. ఆ కట్టేవాడు ఎక్కువగా పాత యజమానో, అలాంటి మరో దొరో. సంకెళ్లు తీశారు, కాగితంతో కట్టేశారు.

1868లో వచ్చిన 14వ సవరణ డ్రెడ్ స్కాట్ తీర్పును చెరిపేసింది. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. పుట్టుకతో వచ్చే ఈ పౌరసత్వం చైనావాళ్ల పిల్లలకు కూడా వర్తిస్తుందా అని 1866లోనే, పౌరహక్కుల బిల్లు చర్చలో, సెనేట్‌లో సూటిగా అడిగారు. నిస్సందేహంగా వర్తిస్తుందని సెనేటర్ ట్రంబుల్ జవాబిచ్చారు. వలస వచ్చినవాళ్ల బిడ్డల సంగతి అప్పట్లో ఎవరికీ తట్టలేదనే వాదనకు ఈ చర్చే సమాధానమని నా అభిప్రాయం.

1870లో 15వ సవరణ, జాతి కారణంగా ఓటు నిరాకరించకూడదంది. అదే ఏడాది మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ తొలి నల్లజాతి సెనేటర్ అయ్యారు. దక్షిణాదిన నల్లవాళ్లు శాసనసభ్యులయ్యారు, జడ్జీలయ్యారు. కొన్నేళ్లే ఆ వైభవం. తెల్లవాళ్ల ముసుగు మూకలు నల్లవాళ్ల ఊళ్లమీద పడుతుంటే, 1877లో కేంద్ర ప్రభుత్వం దక్షిణాదిన తన సైన్యాన్ని పక్కకు తప్పించి చేతులు దులుపుకుంది.

ఆ తర్వాత హక్కులను రద్దు చేయలేదు. వాడుకోకుండా చేశారు. 1890 మిసిసిపీ రాజ్యాంగం ఓటు వేయాలంటే రెండు డాలర్ల పన్ను కట్టమంది. రాజ్యాంగంలో ఒక సెక్షన్ చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి. చెప్పింది సరైందో కాదో తేల్చేది తెల్ల గుమస్తా. ఆ ఓటు నిబంధనల్లో ఎక్కడా ‘నల్ల’ అనే మాట లేదు.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆపేసే సంవత్సరం 1898. ఆ మార్చిలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు అమెరికా పౌరుడేనని సుప్రీంకోర్టు తేల్చింది. మన పిల్లల పాస్‌పోర్టులకు ఈనాటికీ అండగా ఉన్న తీర్పు అదే. నెల తిరక్కుండానే, ఏప్రిల్‌లో, అదే కోర్టు మిసిసిపీ ఓటు నిబంధనల్లో జాతి ప్రస్తావన లేదు గనుక తప్పులేదంది. అదే ఏడాది లూసియానా ఇంకో అడుగు ముందుకేసింది: 1867 జనవరి 1 నాటికి నీకో, మీ నాన్నకో, తాతకో ఓటు ఉండి ఉంటే ఈ పరీక్షలు నీకు అక్కర్లేదు. ఆ తేదీకి నల్లవాళ్ల తాతలకు ఓటెక్కడిది? లూసియానాలో 1896లో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లుంటే, 1904 నాటికి మిగిలింది 1,342 మంది. నార్త్ కరొలైనాలోని విల్మింగ్టన్‌లో 1898 నవంబర్‌లో కాగితాల దాకా కూడా ఆగలేదు. తుపాకులతో వచ్చి నల్లవాళ్ల పత్రిక ఆఫీసు తగలబెట్టారు, ఎందరినో చంపారు, ఎన్నికైన నగర పాలకులను దించేసి కుర్చీలెక్కారు.

ఆ కాగితపు గోడ ఎలా ఉండేదో ఫానీ లూ హేమర్ కథలో కనిపిస్తుంది. మిసిసిపీలోని రూల్‌విల్ దగ్గర ఒకే దొర ఎస్టేట్‌లో పద్దెనిమిదేళ్లు పనిచేసిన పత్తి కూలీ. తనకూ ఓటు హక్కుందని 44 ఏళ్ల వయసులో ఒక సభలో విన్నారు. 1962 ఆగస్టు 31న మరో పదిహేడు మందితో పాత బస్సెక్కి ఇండియనోలా వెళ్లారు. గుమస్తా ఆమెకు రాష్ట్ర రాజ్యాంగంలో ఓ సెక్షన్ ఇచ్చి అర్థం రాయమన్నాడు. రాయలేకపోయారు. తిరిగొస్తుంటే పోలీసులు బస్సు ఆపి డ్రైవర్‌కు జరిమానా వేశారు. నేరమేమిటంటే, బస్సు రంగు మరీ పసుపుగా ఉందట! ఇంటికొచ్చేసరికి దొర కబురు: దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా ఇల్లు ఖాళీ చెయ్యి. నేను పేరు రాయించుకోబోయింది మీ కోసం కాదు, నా కోసం అన్నారామె. ఆ రాత్రే వెళ్లిపోయారు. మళ్లీ మళ్లీ వెళ్లి 1963 జనవరిలో పరీక్ష పాసయ్యారు. అదే ఏడాది జూన్‌లో వినోనా జైల్లో కొట్టిన దెబ్బలకు ఆమె మూత్రపిండం దెబ్బతింది.

1965 మార్చి 7న అలబామాలోని సెల్మా వంతెన మీద, ఓటు హక్కు కోసం ఊరేగింపుగా వెళ్తున్నవాళ్లపై పోలీసులు లాఠీలు, బాష్పవాయువుతో విరుచుకుపడ్డ దృశ్యాలు దేశమంతా టీవీల్లో చూసింది. ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. మిసిసిపీలో 7 శాతం కూడా లేని నల్లజాతి ఓటర్ల నమోదు రెండేళ్లలో 60 శాతానికి చేరింది. అదే కాంగ్రెస్, అదే ఏడాది అక్టోబర్‌లో, పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పాత వలస విధానాన్ని రద్దు చేసింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు వరసగా వెళ్లగలిగింది ఆ తలుపు తెరుచుకున్నాకే. ఈ రెండు చట్టాలూ ఒకే గాలిలో పుట్టాయి.

ఓటు హక్కుల చట్టంలో కీలకం ముందస్తు అనుమతి: వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఓటింగ్ నిబంధన ఏది మార్చినా ముందు కేంద్రాన్ని ఒప్పించాలి. ఏ రాష్ట్రాలకు వర్తిస్తుందో తేల్చే సూత్రం పాతబడిందంటూ 2013 జూన్ 25న సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని కొట్టేసింది. దాంతో ఆ ముందస్తు అనుమతి ఆగిపోయింది. గంటల్లోనే టెక్సాస్, కోర్టులో ఆగిపోయి ఉన్న తన ఓటరు ఐడీ చట్టాన్ని అమల్లో పెడుతున్నట్టు ప్రకటించింది. డాలస్‌లో, హ్యూస్టన్‌లో ఓటున్న మనవాళ్లు కూడా ఆ చట్టం కిందికే వచ్చారు. పోలింగ్ బూత్‌లో చూపించదగ్గ కార్డుల జాబితాలో తుపాకీ లైసెన్సు ఉంది, యూనివర్సిటీ ఐడీ కార్డు లేదు. నల్లజాతి, లాటినో ఓటర్లను అది దెబ్బతీస్తోందని అప్పీలు కోర్టు 2016లో తేల్చేదాకా మూడేళ్లు గడిచాయి. ఈలోపు ఎన్నికలు జరిగిపోయాయి.